మనసులో ఏముందో మెదడు తరంగాలు చెప్పేస్తాయా? ‘ఎమోషన్ ఏఐ’ 90 శాతం లెక్క వెనక అసలు కథ ఇదీ!

మీరు ఫోన్‌లో ఓ వీడియో చూస్తున్నారు. మంచి కామెడీ సీన్. పక్కన పెద్దవాళ్లు ఉన్నారని నవ్వు ఆపుకున్నారు. మొహంలో ఏమీ కనిపించలేదు. కానీ తలకు పెట్టుకున్న ఓ చిన్న బ్యాండ్ మాత్రం ‘ఈ మనిషికి నవ్వొచ్చింది’ అని కనిపెట్టేసింది. సినిమా కథలా ఉంది కదా?

సరిగ్గా ఇలాంటి ప్రయోగాలే ఏళ్ల తరబడి ల్యాబుల్లో జరుగుతున్నాయి. మనుషులకు వీడియోలు చూపిస్తారు. ఆ టైమ్‌లో వాళ్ల మెదడు తరంగాలు రికార్డ్ చేస్తారు. ఆ రికార్డింగ్‌ను మెషీన్ లెర్నింగ్ ప్రోగ్రామ్‌కు ఇచ్చి, చూసినవాళ్లు సంతోషంగా ఉన్నారా, బాధలో ఉన్నారా అని అడుగుతారు. జవాబులు 90 శాతానికి పైగా కరెక్ట్ అని చెప్పే రీసెర్చ్ పేపర్లు కుప్పలుగా వస్తున్నాయి.

మరి ఆ 90 శాతాన్ని నమ్మొచ్చా? ఒక్క మాటలో చెప్పాలంటే, ల్యాబ్ గడప దాటితే ఆ నంబర్లలో చాలావరకు నిలబడవు. అలాగని భయపడాల్సిన పనేం లేదని కాదు. మనసును సరిగ్గా చదవలేని మెషీన్ చెప్పిన మాట పట్టుకుని ఓ టీచరో, మేనేజరో, కోర్టో నిర్ణయం తీసుకుంటే ఏంటి పరిస్థితి? అసలు సమస్య అక్కడుంది. అలా జరిగిన సందర్భాలు ఇప్పటికే ఉన్నాయి. ఒకటి మన దేశంలోనే.

పైగా మన దేశంలో వ్యక్తిగత డేటా రక్షణ రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. కీలకమైన నిబంధనలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమల్లోకి వస్తాయి. అందులో మెదడు డేటా సంగతేంటి? పిల్లల సంగతేంటి? వివరంగా చూద్దాం.

అసలు ఈఈజీ అంటే ఏంటి?

ఈఈజీ కొత్తదేం కాదు. 1924లో జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే సైకియాట్రిస్ట్ మొదటిసారి మనిషి మెదడు తరంగాలను తల పైనుంచి రికార్డ్ చేశారు. 1929లో ఆ విషయాన్ని ప్రచురించారు. ఇప్పుడు మూర్ఛ అనుమానంతో న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళితే రాయించే మొదటి టెస్టుల్లో ఇదొకటి.

ఈ టెస్ట్ చేయించుకున్నవాళ్లకు ఓ విషయం గుర్తుండే ఉంటుంది. ‘తలస్నానం చేసి రండి, నూనె రాసుకోవద్దు’ అని ముందే చెప్తారు. ఎందుకంటే మెదడులోని నాడీకణాల నుంచి వచ్చే కరెంటు చాలా చాలా తక్కువ. పుర్రె, చర్మం దాటి బయటికొచ్చేసరికి అది మైక్రోవోల్టుల్లో, అంటే వోల్టులో పది లక్షల వంతుల్లో ఉంటుంది. మామూలుగా 10 నుంచి 100 మైక్రోవోల్టులు. రిమోట్‌లో వేసే 1.5 వోల్టుల బ్యాటరీతో పోలిస్తే కనీసం 15 వేల రెట్లు తక్కువ. మధ్యలో నూనె పొర ఉన్నా సిగ్నల్ దెబ్బతింటుంది.

ఈ తరంగాలను వేగాన్ని బట్టి విడదీస్తారు. సెకనుకు 4 సార్ల లోపు ఊగేవి డెల్టా, ఇవి గాఢనిద్రలో ఎక్కువ. 4 నుంచి 8 వరకు థీటా. 8 నుంచి 13 వరకు ఆల్ఫా, కళ్లు మూసుకుని ప్రశాంతంగా కూర్చుంటే ఇవి బాగా కనిపిస్తాయి. 13 నుంచి 30 వరకు బీటా. ఆ పైన గామా.

గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, ‘కోపం తరంగం’, ‘ప్రేమ తరంగం’ అంటూ విడిగా ఏవీ లేవు. లక్షల కణాలు ఒకేసారి పనిచేస్తే వచ్చే మొత్తం చప్పుడు ఇది. నిండిన క్రికెట్ స్టేడియం బయట నిలబడి లోపలి అరుపులు వినడం లాంటిదన్నమాట. వికెట్ పడిందో, సిక్స్ కొట్టారో ఊహించొచ్చు. ఫలానా వరుసలో కూర్చున్న మనిషి ఏమన్నాడో మాత్రం వినిపించదు.

మెషీన్‌కు ఎమోషన్ ఎలా నేర్పిస్తారు?

ఇక్కడే మన వీడియోల సంగతి వస్తుంది. ఈ రంగంలో ఎక్కువమంది వాడే డేటాసెట్లలో ఒకటి ‘డీప్’. 2012లో లండన్, నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్ యూనివర్సిటీల పరిశోధకులు కలిసి దీన్ని తయారుచేశారు. 32 మంది వాలంటీర్లు. ఒక్కొక్కరికి 40 మ్యూజిక్ వీడియోలు. ఒక్కోటి నిమిషం పాటు. తలకు 32 ఎలక్ట్రోడ్లు.

ప్రతి వీడియో అయ్యాక ఆ మనిషే మార్కులు వేయాలి. ఎంత హాయిగా అనిపించింది? ఎంత ఉద్వేగంగా అనిపించింది? నచ్చిందా? 1 నుంచి 9 వరకు. ఆ మార్కులే మెషీన్‌కు ‘సరైన జవాబు’. అంటే మెషీన్ నేర్చుకునేది నేరుగా మన ఎమోషన్ నుంచి కాదు. వీడియో అయిపోయాక మనం గుర్తుచేసుకుని వేసిన అంకె నుంచి.

రెండో ఫేమస్ డేటాసెట్ ‘సీడ్’. చైనాలోని షాంఘై జియావో టాంగ్ యూనివర్సిటీది. 15 మంది, 15 సినిమా క్లిప్పులు, 62 ఎలక్ట్రోడ్లు. ఒక్కొక్కరూ మూడుసార్లు వచ్చి కూర్చున్నారు. సంతోషం కోసం కామెడీ సినిమాల సీన్లు. బాధ కోసం భూకంపం, కరువు మీద తీసిన సినిమాల సీన్లు. ఏ భావమూ లేని స్థితి కోసం చైనా వారసత్వ ప్రదేశాల డాక్యుమెంటరీ.

ఇక్కడ ఆగి ఒక్క ప్రశ్న వేసుకోవాలి. కామెడీ సీన్‌కు, కొండలూ లోయలూ చూపించే డాక్యుమెంటరీకి తేడా ఎమోషన్ ఒక్కటేనా? డైలాగులు, మ్యూజిక్, కట్స్ వేగం, తెరమీది వెలుతురు అన్నీ వేరే కదా. మెదడు వాటన్నిటికీ స్పందిస్తుంది. మెషీన్ పట్టుకున్నది బాధనా, లేక భూకంపం సీన్‌లోని సౌండ్‌నా? బయటినుంచి చూసి చెప్పడం కష్టం.

62 శాతం నుంచి 90 దాటింది.. ఎలా?

‘డీప్’ తయారుచేసినవాళ్లు 2012లో తమ రిజల్ట్స్ నిజాయితీగా చెప్పారు. మెదడు తరంగాలతో ఉద్వేగం ఎక్కువా తక్కువా అని చెప్పడంలో 62 శాతం కచ్చితత్వం. హాయిగా ఉందా లేదా అనే విషయంలో 57.6 శాతం. రెండు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి కాబట్టి నాణెం ఎగరేసినా 50 శాతం వస్తుంది. అంటే బొమ్మా బొరుసా కంటే కాస్త మెరుగు, అంతే.

అదే డేటా మీద ఆ తర్వాత వచ్చిన పేపర్లలో నంబర్లు 90 దాటాయి. మెదళ్లు మారలేదు, రికార్డింగులు మారలేదు. డీప్ లెర్నింగ్ వచ్చి సాఫ్ట్‌వేర్ బాగుపడిన మాట నిజమే. కానీ ఈ పెరుగుదలలో మంచి వాటా పరీక్ష పెట్టే పద్ధతి నుంచి వచ్చింది.

మనకు బాగా తెలిసిన భాషలో చెప్పాలంటే, ఇది పేపర్ లీక్.

ఎలాగో చూడండి. 32 మంది, 40 వీడియోలు అంటే మొత్తం 1,280 రికార్డింగులు. మెషీన్‌కు ఇది చాలదు. అందుకే ఒక్కో నిమిషం రికార్డింగ్‌ను సెకను ముక్కలుగా కోస్తారు. 1,280 కాస్తా 76,800 అవుతుంది. ఇంతవరకు తప్పేం లేదు.

తర్వాత ఈ ముక్కలన్నీ పేకముక్కల్లా కలిపేస్తారు. కొన్ని ట్రైనింగ్‌కు, కొన్ని టెస్టింగ్‌కు తీస్తారు. తేడా ఇక్కడే వస్తుంది. ఒకే మనిషి ఒకే వీడియో చూస్తున్నప్పటి 14వ సెకను ట్రైనింగ్‌లో ఉంటుంది. 15వ సెకను టెస్ట్‌లో ఉంటుంది. రెండూ దాదాపు కవలపిల్లలు. రెండిటికీ జవాబు కూడా ఒకటే. అప్పుడు మెషీన్ ఎమోషన్ ఏంటో నేర్చుకోనక్కర్లేదు. ‘ఈ ముక్క ఏ రికార్డింగ్‌దో’ గుర్తుపడితే చాలు, మార్కులు వచ్చేస్తాయి.

ముందురోజు రాత్రి ప్రశ్నపత్రం చేతికొచ్చిన స్టూడెంట్‌కు 98 మార్కులు వస్తే సబ్జెక్ట్ వచ్చినట్టా? ఇదీ అంతే.

ఇది ఒక్క ఎమోషన్ రీసెర్చ్ సమస్యే కాదు. మెదడు తరంగాలను బట్టి మనిషి ఏ బొమ్మ చూస్తున్నాడో చెప్పేయొచ్చంటూ వచ్చిన కొన్ని ఫలితాలను అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ పరిశోధకులు మళ్లీ పరీక్షించారు. ఆ ప్రయోగంలో ఒక రకం బొమ్మలన్నీ వరసగా, తర్వాత ఇంకో రకం వరసగా చూపించారు. టైమ్ గడిచేకొద్దీ ఈఈజీ సిగ్నల్ దానంతటదే మెల్లగా మారుతుంది. మెషీన్ పట్టుకున్నది బొమ్మను కాదు, ఆ టైమ్‌ను. బొమ్మల వరస కలిపేసి చూపిస్తే ఆ గొప్ప నంబర్లు కుప్పకూలాయి. 2020లో వాళ్లు ప్రచురించిన ఈ హెచ్చరిక ఈ రంగంలో పెద్ద చర్చకే దారితీసింది.

నీ మెదడు వేరు, నా మెదడు వేరు

ఇంకో చిక్కు ఉంది. చాలా పేపర్లలో ఒక మనిషి డేటాతోనే ట్రైనింగ్ ఇచ్చి, ఆ మనిషి మీదే టెస్ట్ చేస్తారు. ‘సీడ్’ పరిశోధకులు 2015లో ప్రకటించిన దాదాపు 86 శాతం కూడా అలాంటిదే. కాకపోతే వాళ్లు వేరే క్లిప్పుల మీద టెస్ట్ చేశారు కాబట్టి పేపర్ లీక్ లేదు. మూడు ఎమోషన్లలో ఒకటి ఊహిస్తే వచ్చేది 33 శాతమే. కాబట్టి అందులో విషయం ఉన్నట్టే.

అదే మెషీన్‌ను ముక్కూ మొహం తెలియని కొత్త మనిషి మీద ప్రయోగిస్తే? కచ్చితత్వం పడిపోతుంది. పుర్రె మందం ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా ఉంటుంది. మెదడు మడతలు వేరు. జుట్టు వేరు. వయసు, వాడే మందులు, రాత్రి పడిన నిద్ర అన్నీ సిగ్నల్‌ను మారుస్తాయి. అంతెందుకు, అదే మనిషి సోమవారం ఇచ్చిన సిగ్నల్, గురువారం ఇచ్చిన సిగ్నల్ కూడా ఒకలా ఉండవు.

పైగా చైనా వాలంటీర్లు చైనా సినిమాలు చూసిన డేటాతో నేర్చుకున్న మెషీన్‌కు, మన ఇంట్లో పెళ్లి అప్పగింతల్లో ఒకేసారి వచ్చే సంతోషం, ఏడుపు ఏం అర్థమవుతాయి? దానికి తెలిసినవి మూడే గళ్లు. సంతోషం, బాధ, ఏమీ లేదు. ఏదో ఒక గడిలో పడేయాల్సిందే.

మన దేశంలోనూ దీనిమీద మంచి పని జరిగింది. ట్రిపుల్ ఐటీ అలహాబాద్ పరిశోధకులు ‘డెన్స్’ అనే డేటాసెట్ కోసం భారతీయుల మెదడు తరంగాలు రికార్డ్ చేశారు. ఇందులో చిన్న మార్పు చేశారు. వీడియో చూస్తుండగా భావోద్వేగం కలిగిన ఆ క్షణంలోనే మౌస్ క్లిక్ చేయమన్నారు. ఆలోచిస్తే ఇది చాలా సహజం. నిమిషం వీడియోలో మనసు కదిలేది కొన్ని సెకన్లే కదా. మిగతా టైమ్ అంతా దానికి ‘బాధ’ అని లేబుల్ వేస్తే మెషీన్ నేర్చుకునేది తప్పుడు పాఠమే.

రెప్ప వేసినా లెక్క తప్పుతుంది

ల్యాబ్‌లో మనిషిని కదలకుండా కూర్చోబెడతారు. రెప్పలు కూడా తక్కువ వేయమంటారు. ఎందుకంటే ఒక్కసారి రెప్ప వేస్తే వచ్చే కరెంటు, మెదడు సిగ్నల్‌ను మించిపోతుంది. పళ్లు బిగించినా, నుదురు చిట్లించినా కండరాల కరెంటు వచ్చి బీటా, గామా తరంగాల్లో కలిసిపోతుంది. ఇంట్లో కరెంటు లైన్ 50 హెర్ట్జ్‌లో ఊగుతుంది కదా, అది కూడా గామా పరిధిలోనే పడుతుంది.

ఇక్కడ తమాషా చూడండి. నవ్వితే చెంపలు కదులుతాయి. కోపమొస్తే దవడ బిగుస్తుంది. మెషీన్ ‘కోపం’ అని కరెక్ట్‌గానే చెప్పినా, అది మెదడును చదివి చెప్పిందా, దవడను చూసి చెప్పిందా? దవడను చూసే అయితే దానికి ఇన్ని ఎలక్ట్రోడ్లు ఎందుకు, ఇంట్లో అమ్మ చాలు.

మార్కెట్లో దొరికే హెడ్‌బ్యాండ్లలో నాలుగైదు సెన్సర్లే ఉంటాయి. జెల్ ఉండదు. వాడేవాళ్లు నడుస్తారు, మాట్లాడతారు, తింటారు. 62 ఎలక్ట్రోడ్లతో ఏసీ గదిలో వచ్చిన నంబర్‌ను ఈ బ్యాండ్‌కు అంటగట్టడం ఎంతవరకు న్యాయం?

మెషీన్ తప్పు చదివినా.. దెబ్బ మాత్రం నిజమే

ఇంతవరకు చూస్తే ‘పనిచేయని టెక్నాలజీయే కదా, వదిలేద్దాం’ అనిపించొచ్చు. కానీ రెండు ఘటనలు గుర్తుచేసుకోవాలి.

మొదటిది చైనాలో. 2019లో జెజియాంగ్ ప్రావిన్స్‌లోని ఓ ప్రైమరీ స్కూల్లో పిల్లలు తలకు బ్యాండ్లు పెట్టుకుని క్లాసులో కూర్చున్న వీడియోలు బయటికొచ్చాయి. ఆ బ్యాండ్లు కొలిచేది ఏకాగ్రత. బ్యాండ్ ముందువైపు లైట్ రంగును బట్టి ఏ పిల్లాడు పాఠం వింటున్నాడో, ఎవరి ధ్యాస ఎక్కడుందో టీచర్‌కు తెలుస్తుందన్నమాట. స్కోర్లు తల్లిదండ్రులకు కూడా వెళ్లేవి. సోషల్ మీడియాలో జనం మండిపడ్డారు. చివరికి స్థానిక విద్యాశాఖ వాటి వాడకాన్ని ఆపించింది.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. ఆ బ్యాండ్ నిజంగానే 90 శాతం కరెక్ట్ అనుకుందాం. క్లాసులో 60 మంది. నిమిషానికోసారి రీడింగ్. 40 నిమిషాల పీరియడ్‌లో 2,400 రీడింగులు. అందులో 240 తప్పు. రోజుకు ఆరు పీరియడ్లైతే 1,440 తప్పుడు రిపోర్టులు. శ్రద్ధగా వింటున్న పిల్లాడికి ‘నీ ధ్యాస ఎక్కడో ఉంది’ అని స్కోర్ వస్తే, కాదని నిరూపించుకునేది ఎలా?

రెండోది మన దగ్గరే. 2008లో పుణె సెషన్స్ కోర్టు ఓ హత్య కేసులో ఒక యువతికి జీవిత ఖైదు విధించింది. ఆ కేసులో వాడిన ఆధారాల్లో ‘బియోస్’ అనే ఈఈజీ టెస్ట్ ఒకటి. నేరం గురించిన వాక్యాలు వినిపిస్తుంటే మెదడు తరంగాలు రికార్డ్ చేశారు. ఆమెకు ఆ ఘటన ‘స్వయంగా అనుభవం’ ఉందని సాఫ్ట్‌వేర్ తేల్చింది. ఈ వార్త అప్పట్లో ప్రపంచమంతా చర్చకొచ్చింది.

అదే ఏడాది బెంగళూరు నిమ్హాన్స్ డైరెక్టర్ నేతృత్వంలోని నిపుణుల కమిటీ ఇలాంటి టెస్టులకు శాస్త్రీయ ఆధారం లేదని తేల్చిచెప్పింది. తర్వాత ఆ యువతికి బాంబే హైకోర్టు బెయిల్ ఇచ్చింది. కానీ అప్పటిదాకా జైల్లో గడిచిన రోజుల్ని ఏ సాఫ్ట్‌వేర్ వెనక్కి ఇస్తుంది?

2010 మే 5న ‘సెల్వి వర్సెస్ కర్ణాటక’ కేసులో సుప్రీంకోర్టు చరిత్రాత్మక తీర్పు ఇచ్చింది. నార్కో, లై డిటెక్టర్‌తో పాటు మెదడు మ్యాపింగ్ టెస్టులు కూడా ఎవరి మీదా బలవంతంగా చేయకూడదని చెప్పింది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ఎవరినీ బలవంతపెట్టకూడదన్న ఆర్టికల్ 20(3)ను, వ్యక్తిగత స్వేచ్ఛకు సంబంధించిన ఆర్టికల్ 21ను ఆధారంగా తీసుకుంది.

మంచి తీర్పే. కానీ అది పోలీసుల దర్యాప్తు గురించి. ఓ ప్రైవేట్ కాలేజో, కాల్ సెంటరో, బీమా కంపెనీయో బ్యాండ్ పెట్టుకోమంటే ఆ తీర్పు నేరుగా అడ్డురాదు.

బయటి దేశాలు ఏం చేస్తున్నాయి?

ఈ విషయంలో ముందుగా కదిలింది చిన్న దేశం చిలీ. 2021లో మెదడు కార్యకలాపాలను, వాటి సమాచారాన్ని కాపాడేలా ఏకంగా రాజ్యాంగాన్నే సవరించింది. 2023 ఆగస్టులో అక్కడి సుప్రీంకోర్టు మాజీ సెనేటర్ గిడో గిరార్డి వేసిన కేసులో, హెడ్‌సెట్లు తయారుచేసే ఎమోటివ్ కంపెనీ ఆయన మెదడు డేటాను తొలగించాలని ఆదేశించింది.

అమెరికాలో కొలరాడో, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2024లో మెదడు డేటాను ‘సున్నితమైన డేటా’ జాబితాలో చేర్చాయి.

యూరోపియన్ యూనియన్ ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడి ఏఐ చట్టం ప్రకారం ఆఫీసుల్లో, విద్యాసంస్థల్లో బయోమెట్రిక్ డేటాతో మనుషుల ఎమోషన్లు పసిగట్టే ఏఐ వాడటం 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధం. వైద్యం, భద్రత అవసరాలకు మాత్రం మినహాయింపు ఉంది.

ఆఫీసు, స్కూల్.. ఈ రెండింటినే ఎందుకు ఎంచుకున్నారు? ఎందుకంటే ఆ రెండు చోట్లా ‘నేను పెట్టుకోను’ అని చెప్పే ధైర్యం అవతలివాళ్లకు ఉండదు. జీతం ఇచ్చేవాళ్లు, మార్కులు వేసేవాళ్లు అడిగితే సంతకం పెట్టేస్తాం. దాన్ని ఇష్టపూర్వక అంగీకారం అనలేం.

2025 నవంబర్‌లో యునెస్కో కూడా న్యూరోటెక్నాలజీ నైతిక సూత్రాలను ఆమోదించింది. అయితే ఇవి సిఫార్సులే. పాటించి తీరాలన్న రూల్ లేదు. చట్టం చేయాల్సింది ఆయా దేశాలే.

మరి మన చట్టంలో ఏముంది?

2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో మెదడు డేటా అనే మాటే లేదు. అసలు ‘సున్నితమైన డేటా’ అనే ప్రత్యేక వర్గమే లేదు. అంటే మీ ఫోన్ నంబర్, మీ మెదడు తరంగాలు రెండూ చట్టం దృష్టిలో ఒకే గాటన ఉన్నట్టు.

ఉద్యోగుల విషయానికొద్దాం. సెక్షన్ 7 ప్రకారం ఉద్యోగానికి సంబంధించిన అవసరాల కోసం, లేదా సంస్థను నష్టం నుంచి కాపాడుకోవడం కోసం ఉద్యోగి డేటాను అంగీకారం లేకుండానే వాడుకోవచ్చు. ‘డ్రైవర్ అలసట కొలుస్తున్నాం’, ‘ఒత్తిడి కొలుస్తున్నాం’ అని ఏదైనా సంస్థ ఈ క్లాజ్ చూపిస్తే? ఎంతవరకు చెల్లుతుందో తేలాలంటే ఎవరో ఒకరు కేసు వేయాల్సిందే.

పిల్లల విషయంలో చట్టం పైకి గట్టిగానే కనిపిస్తుంది. 18 ఏళ్లలోపు వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అంగీకారం కావాలి. పిల్లల ప్రవర్తనను ట్రాక్ చేయకూడదు. ఉల్లంఘిస్తే 200 కోట్ల రూపాయల వరకు జరిమానా.

కానీ 2025 రూల్స్‌తో పాటు ఇచ్చిన నాలుగో షెడ్యూల్ చదివితే అసలు సంగతి తెలుస్తుంది. విద్యాసంస్థలకు ఈ రెండు నిబంధనల నుంచీ మినహాయింపు ఉంది. చదువుకు సంబంధించిన కార్యకలాపాల కోసం, లేదా పిల్లల భద్రత కోసం అయితే ట్రాకింగ్, ప్రవర్తన పర్యవేక్షణ చేయొచ్చు. స్కూల్ బస్ ఎక్కడుందో చూడటానికి, హాజరు వేయడానికి ఈ మినహాయింపు అవసరమే. అందులో తప్పులేదు.

అయితే ఏకాగ్రత కొలిచే బ్యాండ్ ‘చదువుకు సంబంధించిన కార్యకలాపం’ కిందికి వస్తుందా? రాదని రూల్స్‌లో ఎక్కడా రాసిలేదు. పిల్లల శ్రేయస్సుకు హాని చేసేలా డేటా వాడకూడదన్న నిబంధన మాత్రం విద్యాసంస్థలకూ వర్తిస్తుంది. మిగిలిన రక్షణ అదొక్కటే. కానీ హాని జరిగిందని చూపించాల్సిన భారం ఎవరిమీద పడుతుంది? చాలాసార్లు తల్లిదండ్రుల మీదే.

తెలుగు రాష్ట్రాల్లో ఇది ఊరికే వదిలేసే విషయం కాదు. మన దగ్గర ఇంటర్ చదువు అంటే ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, వారం వారం టెస్టు, ర్యాంకు, సెక్షన్ మార్పు. ఇంటర్ పిల్లల్లో ఎక్కువమంది 18 ఏళ్లలోపు వాళ్లే. మార్కులు, హాజరు, సెల్‌ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లకు తోడు ‘మీ అబ్బాయి ఈరోజు ఫిజిక్స్ క్లాసులో 41 శాతమే ఏకాగ్రతతో ఉన్నాడు’ అని ఇంకో మెసేజ్ వస్తే? ఏ ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించడానికి మెషీన్ లెర్నింగ్ అక్కర్లేదు.

అలాంటిది ఇక్కడ మొదలైందని చెప్పడం లేదు. మొదలవడానికి ముందే గీత గీసుకోవాలన్నదే పాయింట్.

పనికొచ్చే చోటు కూడా ఉంది

ఈ టెక్నాలజీని పూర్తిగా కొట్టిపారేయడం కూడా తప్పే. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ డాక్టర్లు, ఏ మందుకూ లొంగని డిప్రెషన్‌తో బాధపడుతున్న ఒక పేషెంట్ మెదడులో చిన్న పరికరం అమర్చారు. డిప్రెషన్ లక్షణాలు తీవ్రమయ్యే ముందు ఆమె మెదడులో కనిపించే తరంగాల తీరును అది పసిగడుతుంది. వెంటనే సరైన చోట కాస్త కరెంటు ఇస్తుంది. ఆమె పరిస్థితి చాలా మెరుగైంది.

ఇది ఎందుకు పనిచేసింది? సెన్సర్ పుర్రె బయట కాదు, లోపల ఉంది. రోజుల తరబడి ఆ ఒక్క పేషెంట్‌నే స్టడీ చేసి, ఆమెకు మాత్రమే సరిపోయే సిగ్నల్ వెతికారు. ఆమె అడిగి చేయించుకున్నారు. తప్పు జరిగితే సరిదిద్దడానికి డాక్టర్లు పక్కనే ఉన్నారు. క్లాసులో 60 మందికి ఒకే బ్యాండ్ పెట్టడానికి, దీనికి పోలికే లేదు.

మాట్లాడలేని పేషెంట్ల నొప్పిని, ఆందోళనను డాక్టర్లకు తెలియజేయడానికి కూడా ఇలాంటి పరిశోధనలు ముందుముందు ఉపయోగపడొచ్చు. అందుకే యూరప్ చట్టం కూడా వైద్యానికి తలుపు తెరిచే ఉంచింది.

ఎవరైనా బ్యాండ్ పెట్టుకోమంటే.. ఈ ఐదు ప్రశ్నలు అడగండి

1. మీరు చెప్పే శాతం ఎవరి మీద టెస్ట్ చేస్తే వచ్చింది? ట్రైనింగ్‌లో లేని కొత్త మనుషుల మీద, వేరే రోజున చేస్తే ఎంత వస్తుంది?

2. ల్యాబ్‌లో ఎన్ని ఎలక్ట్రోడ్లు వాడారు? ఈ బ్యాండ్‌లో ఎన్ని ఉన్నాయి?

3. స్కోర్ తప్పని నాకనిపిస్తే ఎవరికి చెప్పుకోవాలి? ఎవరు సరిచేస్తారు?

4. ముడి రికార్డింగ్ ఎక్కడ దాస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, ఇంకెవరికి ఇస్తారు?

5. నేను పెట్టుకోనంటే నా మార్కులకు, జీతానికి, ఉద్యోగానికి ఏమైనా తేడా వస్తుందా?

ఐదో ప్రశ్నకు సూటిగా ‘రాదు’ అని రాసివ్వకపోతే, మిగతా నాలుగు జవాబులు ఎంత బాగున్నా ఆలోచించుకోవాల్సిందే.

చివరిగా..

మొదట చెప్పుకున్న వీడియో దగ్గరికే వద్దాం. మీరు నవ్వు ఆపుకున్నారు. అది మీ ఇష్టం. ఎవరి ముందు నవ్వాలి, ఎవరి ముందు ఏడవాలి, ఎవరికి కోపం చూపించాలి అనేది మనిషి చేతిలో ఉన్న హక్కు. దాన్ని మెషీన్ నిజంగా లాక్కునే రోజు ఇంకా రాలేదు. కానీ లాక్కున్నట్టు నటించి, ‘మీ మనసులో ఉన్నది ఇదే’ అని రిపోర్ట్ ఇచ్చే మెషీన్లు వచ్చేశాయి. ఆ రిపోర్ట్‌ను కాదనే హక్కు మనకు ఉండాలా వద్దా అన్నదే ఇప్పుడు తేల్చుకోవాలి.

2027 మే దాకా టైమ్ ఉంది. మెదడు డేటాకు ప్రత్యేక రక్షణ ఇవ్వాలా? నాలుగో షెడ్యూల్‌లో ‘చదువుకు సంబంధించిన’ అనే మాటకు హద్దు గీయాలా? ఇవి కేంద్రం ఒక సవరణతో చేయగలిగిన పనులే. పిల్లల తలకు బ్యాండ్ వచ్చాక అడగడం కంటే, రాకముందే అడగడం తేలిక.